మూసీకి కళ్ళెం వేసిన మోక్షగుండం

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పగానే మైసూరు తలపాగా, కృష్ణరాజసాగర్ ఆనకట్ట, సెప్టెంబరు 15న జరిగే ఇంజనీర్ల దినోత్సవం గుర్తుకొస్తాయి. ఇంజనీరింగు చదువుకుని ఈ దేశానికి వచ్చిన మన తెలుగువాళ్ళలో కాలేజీ రోజుల్లో ఆయన పటానికి దండ వేయని వారు అరుదు. ఆయన నిజాయితీ గురించి, సమయపాలన గురించి బోలెడు కథలు కూడా విన్నాం. సర్కారు పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి ఇంకొకటి వెలిగించుకునేవారన్న కథ చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నవాళ్ళం కూడా ఉన్నాం. ఆ కథలు అలా ఉంచి, 1909లో ఆయన హైదరాబాదులో గడిపిన ఏడు నెలల గురించి కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఈ సభలకు వచ్చిన వారిలో చాలామందికి ఆ నగరంలో ఓ ఇల్లో, ఫ్లాటో, కనీసం ఒక ప్లాటో ఉంటుంది. అది ఏ చెరువు కింద ఉంది, ఏ నాలా పక్కన ఉంది అన్న ప్రశ్నకూ ఆ ఏడు నెలలకూ దగ్గర సంబంధం ఉంది.

విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది 2025 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న మోక్షగుండం గ్రామం. అక్కణ్ణించి ఆ కుటుంబం కొన్ని తరాల క్రితం మైసూరు సీమకు వలస వెళ్ళింది. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15న ఆయన పుట్టారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. పండితుల ఇంట్లో పుస్తకాలుంటాయి గాని డబ్బుండదు కదా! తండ్రి చిన్నతనంలోనే పోయారు. బెంగుళూరులో మేనమామ అండన ఉంటూ, పిల్లలకు ప్రైవేటు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఎ. పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా కాలేజీ ఆఫ్ సైన్సులో ఇంజనీరింగు చదివి 1883లో మొదటి స్థానంలో నిలిచారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగం.

ఆ శాఖలో పాతికేళ్ళ పాటు ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం ఆనకట్టలు కాదు. పట్టణాలకు మంచినీళ్ళు, మురుగునీటి పారుదల. ఈ సంగతి మనవాళ్ళు పెద్దగా చెప్పుకోరు. సింధు నది ఒడ్డున ఉన్న సక్కర్ పట్టణానికి ఏటి నీళ్ళు ఉన్నాయి కాని, అవి బురద నీళ్ళు. నీటిని వడగట్టే తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నది ఒడ్డునే బావి తవ్వించి, దాన్నుంచి ఏటి గర్భంలోని ఇసుక కిందికి సొరంగం తీయించి, ఆ ఇసుక చేతనే నీళ్ళు వడపోయించారు. 1895 నాటికి ఆ ఊరికి తేటనీళ్ళు వచ్చాయి. చేతిలో ఉన్న డబ్బుకు సరిపడే ఉపాయం వెతకడం ఆయన జీవితమంతా చేసిన పని. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో తానే రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టి, కట్ట ఎత్తు పెంచకుండానే నిలవ పెంచారు. వాటికి పేటెంటు తీసుకున్నారు గాని రాయల్టీ పుచ్చుకోలేదంటారు. తరువాత బొంబాయి రాష్ట్రానికి శానిటరీ ఇంజనీరయ్యారు. 1906లో ఏడెన్ రేవుకు వెళ్ళి అక్కడి మంచినీటికి, మురుగుకు పథకం వేసి ఇచ్చారు.

ఇంత చేసినా ఆ శాఖలో భారతీయుడికి చీఫ్ ఇంజనీరు కుర్చీ దొరకదని ఆయనకు అర్థమైపోయింది. 1908లో, పూర్తి పెన్షనుకు కావలసిన సర్వీసు ఇంకా నిండకుండానే, ఉద్యోగం నుంచి తప్పుకోవడానికి సెలవు పెట్టి విదేశ యాత్రకు బయలుదేరారు. అప్పటికి పదేళ్ళ క్రితమే, 1898లో, ఒకసారి జపాను చూసి వచ్చారు. ఈసారి యూరప్, అమెరికా. ఆయన యాత్రలంటే మ్యూజియాలు కాదు. నగరాల కింద పారే మురుగు కాలవలు, నీటి ట్యాంకులు, ఫ్యాక్టరీలు. యూరప్‌లో తిరుగుతుండగానే నిజాం ప్రభుత్వం నుంచి కబురందింది.

హైదరాబాదులో ఏం జరిగిందో ఇక్కడ చెప్పుకోవాలి. 1908 సెప్టెంబరు చివరి వారంలో అనంతగిరి కొండల నుంచి నగరం దాకా ఎడతెగని వాన. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాలు కురిసింది. సెప్టెంబరు 28 సోమవారం నాడు మూసీ నగరం మీద విరుచుకు పడింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారని, పందొమ్మిది వేల ఇళ్ళు కూలాయని, ఎనభై వేల మంది నిలవ నీడ లేకుండా అయ్యారని అప్పటి లెక్కలు. నగర జనాభా అప్పటికి అయిదు లక్షలకు లోపే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఈ నాటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. కోల్సావాడి అనే పేట పేటంతా తుడిచిపెట్టుకు పోయింది. వంతెనల్లో కుతుబ్‌షాహీల నాటి పురానా పూల్ ఒక్కటే నిలబడింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన భవనాలు తెరిచి జనానికి ఆశ్రయమిచ్చారు. ఆయన నదికి హారతి ఇచ్చి శాంతించమని వేడుకున్నారని హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. హారతితో బాటు ఇంజనీరును కూడా పిలిపించడం ఆ ప్రభువు చేసిన మంచి పని.

విశ్వేశ్వరయ్య గారు యాత్ర మధ్యలో ఆపి పరిగెత్తుకు రాలేదు. చూడవలసినవి చూసుకుని, 1909 ఏప్రిల్ 15న హైదరాబాదులో స్పెషల్ కన్సల్టింగ్ ఇంజనీరుగా బాధ్యత తీసుకున్నారు. ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగరాన్ని మళ్ళీ నిర్మించడానికి సలహా, ఇకముందు వరద రాకుండా పథకం, నగరానికి పూర్తి మురుగునీటి వ్యవస్థ.

ముందుగా ఆయన అడిగిన ప్రశ్న వాన ఎంత పడిందని మాత్రమే కాదు, ఆ నీళ్ళు అంత వేగంగా నగరానికి ఎలా చేరాయి అని. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో చెరువులు 788. అంటే దాదాపు చదరపు మైలుకొకటి. మన తాతముత్తాతలు కట్టిన గొలుసుకట్టు చెరువులివి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అక్కణ్ణించి మరో చెరువులోకి. మామూలు వానల్లో ఇంతకన్న మంచి ఏర్పాటు లేదు. కాని పై చెరువు కట్ట ఒకటి తెగిందంటే కింది చెరువు ఆ తాకిడికి ఆగదు. అదీ తెగుతుంది. దాని కిందదీ తెగుతుంది. ఆ రెండు రోజుల్లో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. వాన నీటికి ఈ గండ్ల నీరు తోడై నగరం దగ్గర ప్రవాహం సెకనుకు నాలుగు లక్షల పాతిక వేల ఘనపుటడుగుల దాకా వెళ్ళిందని లెక్క తేలింది.

ఇలాంటి చోట సామాన్యంగా తట్టే ఆలోచన నదికి రెండు వైపులా ఎత్తయిన గోడలు కట్టడం. విశ్వేశ్వరయ్య గారు నగరం లోపల గట్లను ఎత్తు చేయమన్నారు గాని, అది చాలదని తేల్చేశారు. అంత నీరు నగరం మధ్యకి వచ్చాక గోడలు ఆపలేవు. రానివ్వకుండా పైనే పట్టి ఉంచాలి. నగరానికి ఎనిమిదిన్నర మైళ్ళ ఎగువన మూసీ మీద ఒకటి, ఆరున్నర మైళ్ళ ఎగువన ఈసీ మీద మరొకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలని, వరద వచ్చినప్పుడు అందులో నింపుకుని తరువాత నెమ్మదిగా వదలాలని సూచించారు. 1909 అక్టోబరు 1న నివేదిక సమర్పించారు. సర్వేలు, లెక్కలు, నక్షాలు, అంచనాలు అన్నీ కలిపి అయిదున్నర నెలల్లో పూర్తి చేశారన్నమాట. ఈ కాలంలో ఒక కమిటీ వేసి, దానికి గడువు పొడిగించడానికే అంత సమయం పడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. అది ఈ రోజుకీ తీరలేదు. వరద ఆపాలంటే జలాశయం పైభాగం ఖాళీగా ఉండాలి. తాగునీటికి వాడుకోవాలంటే నిండుగా ఉండాలి. ఒకే చెరువు ఈ రెండు పనులూ చేయాలంటే గేట్ల దగ్గర కూర్చున్న మనిషి ప్రతి వానాకాలం ఒక నిర్ణయం తీసుకోవాలి. ముందుగా వదిలితే ఎండాకాలం నగరం గొంతెండుతుంది. ఆలస్యంగా వదిలితే కింది బస్తీలు మునుగుతాయి.

నివేదికలో రెండో భాగం నగరానికి సంబంధించింది. అప్పట్లో హైదరాబాదు మురుగంతా తెరిచి ఉన్న కాలవల్లో పడి మూసీలోకే చేరేది. ఎండాకాలంలో నది అంటే మురుగే. భూగర్భ కాలవలు వేసి, నది పొడుగునా అడ్డంగా మురుగును పట్టి, నగరం దిగువకు తీసుకుపోయి పొలాలకు మళ్ళించాలన్నారు. నది ఒడ్డున పల్లంలో ఇళ్ళను మళ్ళీ కట్టనివ్వకుండా, ఆ జాగాను తోటలుగా, విశాలమైన రోడ్లుగా మార్చాలన్నారు. నిరాశ్రయులైన వేల కుటుంబాలు తమ పాత చోటే మళ్ళీ గోడలు లేపుకోవాలని చూస్తున్న రోజులవి. పాత ఇంటి జాగా వదులుకోమంటే ఎవరికైనా కష్టమే. కాని మొదట నది అంచున ఎవరుండాలో, ఎవరుండకూడదో తేల్చకుండా పైన ఎన్ని డ్యాములు కట్టినా ఉపయోగం లేదని ఆయన ఉద్దేశం.

1909 నవంబరులో ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. పథకం కాగితాల మీదే ఉండిపోయేదేమో. 1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణించారు, కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. అదృష్టవశాత్తూ కొత్త నిజాం ఆ నివేదికను పక్కన పెట్టలేదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటయింది. గండిపేట దగ్గర మూసీ మీద పని 1913లో మొదలై 1920లో పూర్తయింది. అదే ఉస్మాన్ సాగర్. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. మొదటిదానికి 15 గేట్లు, రెండోదానికి 17. గండిపేట నీళ్ళు ఒక్క పంపు కూడా లేకుండా, వాలు ఆధారంగానే కాలవ వెంట ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి. హైదరాబాదులో పుట్టి పెరిగిన వారికి గండిపేట నీళ్ళ రుచి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనం ఉత్సాహంలో ఈ రెండు చెరువులూ విశ్వేశ్వరయ్య గారే కట్టారని రాసేస్తుంటాం. ఆలోచన, మొదటి నక్షా ఆయనవి. దగ్గరుండి కట్టించింది సి.టి. దలాల్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజనీర్లు, రాళ్ళు మోసిన వేలాది కూలీలు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక అలీ నవాజ్ జంగ్ గారి పుట్టినరోజు జూలై 11ని అక్కడ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. అందులో ఒకరిని తక్కువ చేసి ఇంకొకరిని ఎక్కువ చేయడమేమీ లేదు. సలహా ఇచ్చినవాడూ, కట్టినవాడూ ఇద్దరూ కావాలి.

మురుగు పథకం మరీ నెమ్మదిగా నడిచింది. 1922లో విశ్వేశ్వరయ్య గారిని మళ్ళీ పిలిపించారు. ఆ తరువాత పనులు ఊపందుకుని 1930ల మొదట్లో భూగర్భ డ్రైనేజీ వాడుకలోకి వచ్చింది. అది సుమారు అయిదు లక్షల జనాభాకు సరిపోయే ఏర్పాటు. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వారు ఈ మధ్యకాలంలో ఇరుకు బస్తీలు తొలగించి ఇళ్ళ కాలనీలు కట్టారు, రోడ్లు వెడల్పు చేశారు, పత్తర్‌గట్టి వరస దుకాణాలు, మొజాంజాహీ మార్కెట్టు లేపారు. మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, మధ్యలో తోటలు. ఆ పని తీరులో లోపాలు లేవని కాదు. బస్తీలోంచి లేపిన ప్రతి పేదకుటుంబానికీ కొత్త ఇల్లు దొరకలేదు. అయినా నదికి కొంత చోటు వదిలిపెట్టడం అనే నియమం ఆ తరం పాటించింది.

తరువాతి తరాలు పాటించలేదు. బస్సు దిగి ఇంటికి ఫోను చేసిన జ్ఞాపకాలు మనలో చాలామందికి ఉన్న ఇమ్లీబన్ బస్ స్టేషను ఎక్కడుందో ఆలోచించండి. అది మూసీ నడి గర్భంలో, రెండు పాయల మధ్య ఉంది. 1990లలో కట్టారు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే ఆ బస్ స్టేషన్లోకి నీళ్ళొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. 1908 ప్రవాహంతో పోలిస్తే ఆ రాత్రి వచ్చింది చాలా తక్కువ నీరు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీరు, మురుగు కలిసి వార్డుల్లోకి వస్తే రోగులను తరలించి ఆ భవనాన్ని మూసేశారు. అదే ఏడాది అక్టోబరులో కుంభవృష్టి కురిసినప్పుడు బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హాఫిజ్ బాబా నగర్ ఇళ్ళు మునిగాయి. పై చెరువు తెగితే కింద ఏమవుతుందో 1909 నివేదికలో లెక్కలతో సహా ఉంది. అంతకు ముందు 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు కూడా మునిగింది ఎక్కువగా చెరువుల శిఖం భూముల్లో, నాలాల మీద కట్టిన ఇళ్ళే.

ఆ ఇళ్ళు కొన్నవాళ్ళు దొంగలు కారు. లేఅవుటు ఉంది, రిజిస్ట్రేషను అయింది, బ్యాంకు అప్పిచ్చింది, కరెంటు మీటరు వచ్చింది. ఇన్ని ముద్రలు పడ్డాక ఆ భూమి చెరువుదని సామాన్యుడికి ఎలా తెలుస్తుంది? 2024 జూలైలో హైడ్రా అనే సంస్థను పెట్టి చెరువుల లోపలి కట్టడాలు కూల్చడం మొదలుపెట్టినప్పుడు, కష్టార్జితంతో కొనుక్కున్న మధ్యతరగతి వాళ్ళు, కాపురముంటున్న పేదలు ఒక పక్క, ఏటా నీళ్ళలో మునిగే కింది కాలనీల వాళ్ళు మరో పక్క నిలబడవలసి వచ్చింది. ఇద్దరి గోడూ నిజమే. అనుమతులిచ్చిన వారి సంగతి మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

ఇక జంట జలాశయాల చుట్టుపక్కల సంగతి. వాటికి పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. పక్కనే గచ్చిబౌలిలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ పొలం మాత్రం పొలంగానే ఉండిపోవాలా అని ఆ గ్రామాల రైతులు అడిగారు. అడగడంలో తప్పు లేదు. నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి కాబట్టి ఈ రెండు చెరువుల అవసరం తగ్గిందని చెప్పి, 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలు తొలగిస్తున్నట్లు ప్రకటించారు. పర్యావరణ కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు, వ్యవహారం కోర్టుల్లో నలిగింది. ఈ వాదనలో అందరూ తాగునీటి గురించే మాట్లాడటం విచిత్రం. ఆ చెరువులు కట్టింది మొదట వరద ఆపడానికి. తాగునీరు కృష్ణ నుంచి తెచ్చుకోవచ్చు. వికారాబాదు కొండల మీద పడ్డ వానను మాత్రం కృష్ణకు పంపలేం. అది మూసీ, ఈసీల్లోకే రావాలి. పరీవాహక ప్రాంతం కాంక్రీటయితే నేలలోకి ఇంకేది తగ్గి, వచ్చేది ఇంకా వేగంగా వస్తుంది. ఇక్కడ కూర్చుని వాట్సాప్‌లో వచ్చిన బ్రోషరు చూసి గండిపేట వ్యూ అని ప్లాటు కొనే మన మిత్రులు, హెచ్.ఎం.డి.ఎ. చెరువుల పటాల్లో ఎఫ్.టి.ఎల్. గీత ఎక్కడుందో, బఫర్ ఎంతో, ఊళ్ళో ఉన్న తమ్ముడి చేతనో బావమరిది చేతనో ఒకసారి చూపించుకుంటే మంచిది. వానాకాలంలో వెళ్ళి చూడమంటే ఇంకా మంచిది.

హైదరాబాదు నుంచి వెళ్ళాక విశ్వేశ్వరయ్య గారి జీవితం మనకు తెలిసిన బాట పట్టింది. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పని మొదలయింది. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. ఆ ఆరేళ్ళలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. 1915లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదిచ్చింది. 1918లో వెనకబడిన కులాలకు ప్రభుత్వోద్యోగాల్లో వాటా ఇవ్వాలని మహారాజు నిర్ణయించినప్పుడు ఆయన ఒప్పుకోలేదు, దివానుగిరి వదులుకున్నారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన నమ్మకం. ఆ ప్రతిభ సంపాదించుకునే బడి తలుపులు ఎందరికి తెరిచి ఉన్నాయన్న ప్రశ్నకు మాత్రం మహారాజే దగ్గరగా వెళ్ళారని నా అభిప్రాయం. గొప్పవారి జీవితం రాసేటప్పుడు ఇలాంటివి దాటేయడం వారికి మర్యాద కాదు.

తరువాత భద్రావతి ఇనుము కర్మాగారాన్ని నష్టాల నుంచి నిలబెట్టారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలంటూ పుస్తకం రాశారు. స్వతంత్ర భారత ప్రణాళికా సంఘం ఇంకా పదహారేళ్ళ దూరంలో ఉంది. 1937లో గాంధీగారు కోరితే ఒరిస్సా వెళ్ళి మహానది వరదల మీద నివేదిక ఇచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. ఎనభై అయిదేళ్ళ వయసులో, 1946లో, పారిశ్రామికవేత్తల బృందంతో మళ్ళీ అమెరికా వచ్చి కర్మాగారాలు చూసి వెళ్ళారు. 1951లో వచ్చిన ఆత్మకథలో తన పనుల గురించి రాసుకున్నారు గాని ఇంటి విషయాలు దాదాపు లేవు. హైదరాబాదు పనిని మాత్రం వివరంగా నమోదు చేశారు. 1955లో భారతరత్న వచ్చింది. ఆ ఏడాది ఆ గౌరవం పొందిన ముగ్గురిలో రెండోవారు భగవాన్ దాస్, మూడోవారు నెహ్రూ.

నూరేళ్ళు నిండిన తరువాత 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్ళిలో, పుట్టిన ఇంటికి దగ్గర్లోనే ఉంది. ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. హైదరాబాదులో ఖైరతాబాద్ కూడలిలో, ఇంజనీర్ల సంస్థ భవనం దగ్గర ఆయన విగ్రహం ఉంది. గట్టిగా గంట వాన పడితే ఆ కూడలిలో ట్రాఫిక్ ఆగిపోతుంది.